మంచు బండి మీద ఉత్తర తీరాల్లో: కెమీ, కిర్కెనెస్, స్వాల్బార్డ్, తెల్లదారిలో ఎవరికి ఏది?

ఉత్తర ధ్రువం దగ్గరి నార్వే దీవులు స్వాల్బార్డ్ పోయొచ్చినప్పటి నుంచి చిత్తూరులో నాకు జీతం లేని ఉద్యోగం ఒకటి తగులుకుంది. పెళ్లి పంక్తిలో కూర్చున్నా, గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ తాగుతున్నా, ఎవరో ఒకరు ఫోన్‌లో మంచు మీద బండి దూసుకుపోయే వీడియో పెట్టి అడుగుతారు: "అన్నా, ఇట్లాంటి చోటికి మేం పోవాలంటే ఏది బాగుంటుంది?"

నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "నీకు ఎన్ని రోజులు సెలవుంది? అందులో ఎన్ని రోజులు గదిలో ఊరికే కూర్చున్నా నీకు కోపం రాదు?"

చాలామంది డబ్బు గురించి అడుగుతానని అనుకుంటారు. డబ్బు తర్వాతి సంగతి. ఉత్తర తీరంలో చలికాలం గాలి లేచిందంటే ఎంత కట్టినవాడైనా లోపల కూర్చోవలసిందే. ఈ మాట మన తిరుపతి, చిత్తూరు వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. మూడొందల టికెట్‌కి టైము రాసి ఉంటుంది. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నవాడికి తలుపు ఎప్పుడు తీస్తారో తెలియదు. నేను చెప్పబోయే నాలుగు తీరాలూ ఈ రెంటి మధ్య ఎక్కడో ఒకచోట ఉంటాయి.

నాది కోల్డ్ స్టోరేజీ మెషీన్ల రిపేరు పని. మామిడి కాయలు దిగడం మొదలైతే ఆగస్టు దాకా ఊపిరాడదు. ఫిబ్రవరి, మార్చి మాత్రం ఖాళీ. ఆ తీరాల సీజన్ కూడా దాదాపు అదే కావడం నా అదృష్టం. ఒక ఏడాది మా బావతో కలిసి ఫిన్లాండ్‌లోని కెమీ, నార్వేలోని కిర్కెనెస్ చూశాను. ఆ తర్వాత స్వాల్బార్డ్. కెనడా తీరంలోని తెల్లదారి నేను పోలేదు. మాంట్రియల్‌లో పనిచేసే మేనల్లుడు పోయొచ్చాడు, వాడిని ఫోన్‌లో గంటలకొద్దీ అడిగి రాసుకున్నాను. కాబట్టి ఆ ముక్క వాడి అనుభవం అనుకోండి.

బండి సంగతి

స్నోమొబైల్‌కి ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు ట్రాక్, మధ్యలో స్కూటర్ లాంటి సీటు. కాలితో మార్చే గేర్లు లేవు. కుడి బొటనవేలితో నొక్కితే ముందుకు పోతుంది, ఎడమ చేత్తో బ్రేకు. లోపల తిరిగేది మన యాక్టివాలో ఉండే లాంటి బెల్టే, కాస్త పెద్దది. యాక్టివా తోలినవాళ్లు పది నిమిషాల్లో నేర్చుకుంటారు.

కానీ యాక్టివా అలవాటే ఒకచోట కొంప ముంచుతుంది. బండి ఒరగబోతే మన కాలు దానంతట అదే కిందికి పోతుంది. ఇక్కడ కాలు కింద పెట్టకూడదు. ఈ బండి రెండున్నర, మూడు వందల కిలోలు ఉంటుంది. అది కాలి మీద పడితే యాత్ర ఆ రోజుతో సరి. పక్కవాలు మంచు మీద పోయేటప్పుడు ఒంటి బరువంతా ఎత్తు వైపు వేసి, కాళ్లు బండి మీదే ఉంచాలి. మొదటి రోజు సాయంత్రం నొప్పి పుట్టేది నడుముకి కాదు, కుడి బొటనవేలికి. రెండో రోజు నడుము, భుజాలు. ఒకరు తోలి ఒకరు వెనక కూర్చుంటే వెనకవాళ్లకి కుదుపులు ఎక్కువ, చలి కాస్త తక్కువ. చాలా బండ్లకి తోలేవాళ్ల హ్యాండిల్‌తోపాటు వెనకవాళ్ల పట్టుకీ హీటర్ ఉంటుంది. బుక్ చేసేటప్పుడు ఆ ఒక్క మాట అడగండి.

చలి సంగతి

చిత్తూరు చుట్టుపక్కల ఫ్రోజెన్ గుజ్జు దాచే గదులు మైనస్ 18లో ఉంటాయి. మామిడి ముక్కల్ని గడ్డకట్టించే బ్లాస్ట్ ఫ్రీజర్ మైనస్ 35, 40 దాకా పోతుంది, పైగా ఫ్యాన్లు ఆగకుండా గాలి కొడుతూనే ఉంటాయి. మైనస్ 18 గదిలో జాకెట్ వేసుకుని పావుగంట డబ్బాలు లెక్కపెట్టొచ్చు, పెద్ద బాధేం ఉండదు. బ్లాస్ట్ తలుపు తీసి ఫ్యాన్ల ఎదురుగా నిలబడితే అర నిమిషానికే చెవులు మండిపోతాయి.

స్నోమొబైల్ చలి ఈ రెండో రకం. బయట ఆకు కదలకపోయినా బండి వేగమే గాలవుతుంది. మైనస్ 20లో గంటకి 40 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి మైనస్ 34లా ఉంటుందని కెనడా వాతావరణ శాఖ పట్టికలో ఉంది. ఆ చలిలో కప్పుకోని చర్మం పది నుంచి ముప్ఫై నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. హెల్మెట్‌కీ మెడ కప్పుకీ మధ్య వేలెడు సందు మిగిలితే చాలు, సాయంత్రానికి అక్కడ ఎర్రటి గీత పడుతుంది. నాకు పడింది.

వెళ్లేముందు నేనూ బావా ఒక పరీక్ష పెట్టుకున్నాం. తెలిసిన ఫ్యాక్టరీలో అడిగి మైనస్ 18 గదిలో అరగంట కూర్చున్నాం. బావ పుత్తూరు నుంచి మధ్యాహ్నం బస్సు దిగి ఎండలో నడిచొచ్చాడు. లోపల కాటన్ బనియన్, దాని మీద స్వెట్టర్, దాని మీద జాకెట్. పది నిమిషాలకి చెమట పట్టిన బనియన్ వీపుకి తడిగుడ్డలా అతుక్కుపోయింది. "చలి సంగతి దేవుడెరుగు బావా, ఈ బనియనే నన్ను చంపేట్టుంది" అని బయటికి పరుగెత్తాడు. ఆ సాయంత్రమే ఇద్దరం ఉన్ని లోదుస్తులు ఆర్డర్ పెట్టాం. ఒంటికి తగిలే పొర ఉన్నిగానీ సింథటిక్‌గానీ అయ్యుండాలి. కాటన్ వద్దు.

పైన వేసుకునే సూటు, బూట్లు, హెల్మెట్, పెద్ద గ్లౌజులు దాదాపు ప్రతి టూర్ వాళ్లూ ఇస్తారు. వాటికోసం వేలు పోసి కొనకండి. కొనాల్సినవి లోదుస్తులు, రెండు జతల ఉన్ని సాక్సులు, పెద్ద గ్లౌజుల లోపల తొడిగే పల్చటి గ్లౌజులు, మెడ కప్పు. కళ్లజోడు ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. ఊపిరికి అద్దాలు మసకబారి, ఆ తడి అక్కడే గడ్డకడుతుంది. కరెంటుతో వేడెక్కే వైజర్ ఉన్న హెల్మెట్ ఇస్తారా అని ముందే అడగండి, లేదంటే కాంటాక్ట్ లెన్సులు. ఆడవాళ్లు మొహమాటపడి అడగని సంగతి మరొకటి: దారిలో బాత్రూములు ఉండవు. ఆరేడు గంటల టూర్లలో గుడిసె లాంటిది ఎక్కడ తగులుతుందో, సూటు ఒకే ముక్కా రెండు ముక్కలా అన్నది బుక్ చేసేముందే కనుక్కోవాలి. ఒకే ముక్క సూటుతో పెద్ద ఇబ్బంది.

కెమీ: టైము రాసి ఉన్న టికెట్

ఫిన్లాండ్, స్వీడన్ మధ్య బోత్నియా ఖాతం పైకొసన ఉంటుంది కెమీ. అక్కడి సముద్రంలో ఉప్పు చాలా తక్కువ. మహాసముద్రంలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉంటే ఇక్కడ దాంట్లో పదో వంతు కూడా ఉండదనుకోవచ్చు. నదుల మంచినీళ్లు వచ్చి పడుతుంటాయి, అందుకే ప్రతి చలికాలం గట్టిగా గడ్డకడుతుంది. ఇంకో పెద్ద సుఖం, ఆటుపోట్లు దాదాపు లేవు. ఒడ్డు దగ్గర గడ్డ పైకీ కిందికీ కదలదు కాబట్టి అక్కడ చీలికల బెడద తక్కువ. గాలికి గడ్డ పలకలు ఒకదానిమీద ఒకటి ఎక్కి గుట్టలు కట్టిన చోట్లు ఉంటాయి గానీ, గైడు వాటిని చుట్టి తీసుకుపోతాడు.

చదునైన తెల్లటి మైదానం, రెండు మూడు గంటలు, మళ్లీ వెచ్చటి గది. సాంపో అనే పాత మంచుకోత ఓడ ఉంది. 1961 నుంచి పాతికేళ్లకు పైగా సముద్రంలో పనిచేసి, ఆ తర్వాత పర్యాటకుల ఓడ అయింది. గడ్డని విరగ్గొట్టుకుంటూ పోయి నడిసముద్రంలో ఆగుతుంది. ఎర్రటి రబ్బరు సూటు తొడిగి నీళ్లలో తేలమంటారు. బావ దిగాడు. నేను ఫొటోలు తీశాను.

నిజం చెప్పాలంటే కెమీలో ఏకాంతం ఉండదు. ముందూ వెనకా బండ్ల వరస కనిపిస్తూనే ఉంటుంది. అయినా వారం రోజులే సెలవు దొరికినవాళ్లకి, పిల్లల్ని తీసుకుపోయేవాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నేను మొదట చెప్పేది కెమీయే. ఒక పూట గాలికి రద్దయినా మర్నాడు దొరుకుతుంది. రొవానియెమీ అనే ఊరు రెండు గంటల లోపు దూరం, కావాలంటే అక్కడ అడవి దారుల్లో ఇంకోరోజు తోలుకోవచ్చు.

కిర్కెనెస్: రెండు మూడు రోజులకి సరిపడే తీరం

నిజానికి మేం మొదట స్వాల్బార్డ్ పోవాలనే బయల్దేరాం. వీసా స్టిక్కర్ చేతికొచ్చాక చూస్తే ఒక్క ఎంట్రీయే ఉంది. స్వాల్బార్డ్ నార్వేదే అయినా షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే ఐరోపా దేశాల కూటమి) పరిధిలో లేదు. ఓస్లో నుంచి అక్కడికి పోతే షెంగెన్ దాటినట్టు, తిరిగి ఓస్లోలో దిగితే మళ్లీ ప్రవేశించినట్టు. రెండు ఎంట్రీలు ఉండాలి. ఫారం నింపిన ఏజెంటు ఆ గడి చూసుకోలేదు, సంతకం పెట్టిన నేనూ చూసుకోలేదు. టికెట్లు మార్చుకుని కిర్కెనెస్ పోయాం. అందుకు ఇప్పుడు బాధేం లేదు.

కిర్కెనెస్ నార్వే ఈశాన్య మూల, రష్యా సరిహద్దుకి పావుగంట దూరం. అంత ఉత్తరాన ఉన్నా బయటి బారెంట్స్ సముద్రం గడ్డకట్టదు, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం పుణ్యం. కొండల మధ్య లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్ని ఫ్యోర్డులంటారు, వాటి కొసలు మాత్రం గడ్డకడతాయి. బండ్లు నడిచేది వాటి మీద, వాటి చుట్టూ ఉన్న గుట్టల మీద. నార్వేలో సరదాకి స్నోమొబైల్ ఎక్కడ పడితే అక్కడ తోలనివ్వరు, చట్టం గట్టిది. ఈ ఫిన్‌మార్క్ ప్రాంతంలో మాత్రం గుర్తులు పెట్టిన దారుల వల పెద్దగా ఉంది. నార్వే ప్రధాన భూభాగంలోనే తోలాలనుకుంటే ఇటు రావడమే మేలు.

ఇక్కడే ఆటుపోటు అంటే ఏమిటో చూశాను. ఫ్యోర్డు మీదికి దిగే చోట గైడు అందర్నీ ఆపి బండి దిగాడు. ఒడ్డు రాళ్లకి అతుక్కున్న గడ్డ ఒకటి, నీటి మీద తేలుతున్న గడ్డ ఒకటి. మధ్యలో జానెడు వెడల్పు చీలిక, అందులోంచి బూడిదరంగు నీళ్లు ఊరుతున్నాయి. నీళ్లు రోజుకి రెండుసార్లు లేస్తాయి, రెండుసార్లు దిగుతాయి, వాటితో గడ్డ కూడా. అందుకే ఆ అతుకు ఎన్నటికీ అతకదు. ఇనప కడ్డీతో నాలుగు చోట్ల పొడిచి చూసి, పదడుగులు పక్కకి జరిగి, "ఇక్కడ ఆగకుండా దాటండి" అన్నాడు. కడ్డీ తగిలినప్పుడు గట్టి చోట టంగుమంది. మెత్తటి చోట చప్పుడే రాలేదు. ఉప్పునీటి గడ్డ మంచినీటి గడ్డంత బలంగా ఉండదు, లోపల ఉప్పునీటి బొట్లు మిగిలిపోయి మెత్తబడుతుంది. మందం ఒకటే అయినా మోసే బరువు ఒకటి కాదు. గైడు లేకుండా సముద్రపు గడ్డ మీద తోలుదామనే ఆలోచన నాకు ఆ చప్పుడు వినపడనప్పుడే పోయింది.

గడ్డకి రంధ్రం చేసి రాక్షస పీతల్ని పైకి తీయడం ఇక్కడి ఆకర్షణ. పసిఫిక్ నుంచి సోవియట్ శాస్త్రవేత్తలు 1960లలో తెచ్చి బారెంట్స్ సముద్రంలో వదిలిన జాతి అది, కాళ్లు చాపితే మనిషంత ఉంటుంది. తినేవాళ్లకి పండగ. బావ శాకాహారి, ఆ పూట బ్రెడ్డూ బంగాళదుంపలూ తిని, మీగడ అడిగి వేయించుకున్నాడు.

మూడు రోజులుంచుకుంటే ఒకరోజు పోయినా నష్టమనిపించదు. సరిహద్దు వైపు పోయే టూర్లలో గైడు చెప్పిన మాట దాటకూడదు. అటు రాయి విసరడం కూడా నేరమే.

స్వాల్బార్డ్: అసలు ఉత్తరం

ఇది వేరే లోకం. లాంగ్‌యేర్‌బ్యేన్ ఊరు 78 డిగ్రీల ఉత్తరాన ఉంటుంది, జనాభా రెండున్నర వేలు. నవంబరు నడిమి నుంచి జనవరి చివరి దాకా పూర్తి చీకటి. ఫిబ్రవరిలో సూర్యుడు దిగంతం మీదికి వచ్చినా కొండలు అడ్డమై ఊళ్లో ఎండ పడదు. మార్చి 8న పాత ఆస్పత్రి మెట్ల మీద మొదటి ఎండ పడుతుందని ఊరంతా అక్కడ చేరి పండగ చేసుకుంటారు. ఏప్రిల్ మూడో వారం దాటితే సూర్యుడు అస్తమించడు. మార్చి నడిమి నుంచి ఏప్రిల్ చివరి దాకా బండి తోలడానికి మంచి కాలం. ఫిబ్రవరిలో నీలి వెలుగు అందంగా ఉంటుందని ఫొటోలు తీసేవాళ్లు పోతారు గానీ, మొదటిసారి పోయేవాళ్లకి నేను చెప్పను. మసక వెలుగులో గుంత ఏదో, గుట్ట ఏదో తెలియదు.

అసలు యాత్ర తూర్పు తీరానికి. ఊరు పడమటి వైపు ఉంది, అటు వెచ్చటి ప్రవాహం తగులుతుంది. తూర్పున చల్లటి ప్రవాహం, అందుకే అక్కడ సముద్రం మీద గడ్డ నిలుస్తుంది. రానూపోనూ 180 నుంచి 200 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి ఊరు చేరతాం. లోయలు, హిమానీనదాలు దాటి పోవాలి. హిమానీనదం మీద పగుళ్లు పైమంచుతో కప్పబడి ఉంటాయి, కాబట్టి ముందు బండి గీసిన గాడిలోనే పోవాలి. "అక్కడ ఫొటో బాగుంటుంది" అని పక్కకి తిప్పితే గైడుకి నిజంగానే కోపమొస్తుంది.

తూర్పు ఒడ్డున బండ్లు ఆపి ఇంజిన్లు కట్టేశాం. ఎదురుగా నీలి రంగు మంచు గోడ, దాని కింద గడ్డకట్టిన సముద్రం. వేడినీళ్లు పోస్తే ఉబ్బే అన్నం పొట్లం, దాని మీద మా ఇంటి నువ్వుల పొడి. గైడు ముందు తుపాకీ భుజాన వేసుకుని చుట్టూ బైనాక్యులర్‌తో చూసి, ఆ తర్వాతే మమ్మల్ని దిగనిచ్చాడు. ఊరి పొలిమేర దాటితే ధ్రువపు ఎలుగుబంట్లని బెదిరించే సాధనం ఉండి తీరాలి, చట్టం. మాకు ఎలుగు కనిపించలేదు. మంచులో దాని అడుగులు కనిపించాయి, ఒక్కోటి మా ఇంట్లో అన్నం కంచం అంత. గైడు మమ్మల్ని పొట్లాలు త్వరగా ముగించమన్నాడు.

ఎలుగుల కోసమే పోయేవాళ్లు మనసు సిద్ధం చేసుకోండి. 2025 జనవరి నుంచి నియమం మారింది: ఎలుగుకి 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి 1 నుంచి జూన్ 30 దాకా 500 మీటర్లు. అంటే స్నోమొబైల్ సీజన్‌లో చాలా భాగం అర కిలోమీటరు దూరమే. కొన్ని ఫ్యోర్డుల గడ్డ మీద మోటారు బండ్లకి ఆంక్షలు కూడా వచ్చాయి, పాత వీడియోల్లో చూసిన దారులన్నీ ఇప్పుడు దొరకవు. నాకైతే అది సబబే అనిపించింది.

మేం అయిదు రోజులున్నాం, బండెక్కింది రెండు రోజులు. ఒకరోజు గాలివాన లాంటి మంచు, ఒకరోజు మార్చి నెలలో నిజం వాన. మంచు నానిపోయి రోడ్డు అద్దంలా అయింది. మిగిలిన రోజు వచ్చిన అలసటకే సరిపోయింది. మ్యూజియం రెండుసార్లు చూశాం. ఇంత డబ్బు పోసి వచ్చి రెండే రోజులా అని ఏడ్చేవాళ్లు ఇక్కడికి రావద్దు. ఖర్చులో నాలుగింట్లోకీ పైమెట్టు ఇదే, గ్లాసు టీ దగ్గర్నుంచి. మనవాళ్ల పరిశోధన కేంద్రం హిమాద్రి ఇదే ద్వీపసమూహంలో, నీ-ఓలెసున్‌లో 2008 నుంచి ఉంది. టూర్‌లో భాగంగా చూడొచ్చని ఆశపడకండి, మామూలు స్నోమొబైల్ దారులు అటు పోవు.

ఎవరికి? పది రోజుల సెలవుండి, రోజుకి ఆరేడు గంటలు బండి మీద కూర్చోగల ఒళ్లుండి, ముందు ఎక్కడో ఒకచోట రెండు మూడు గంటలైనా తోలినవాళ్లకి. యాభై దాటిన బావ తూర్పు తీరం దాకా వచ్చాడు, కాకపోతే తిరుగు దారంతా వెనక సీట్లో.

తెల్లదారి: సర్వదర్శనం

కెనడాలో క్యుబెక్ రాష్ట్రపు తూర్పు కొసన, సెయింట్ లారెన్స్ గల్ఫ్ ఒడ్డున, రోడ్డు లేని ఊళ్లు వరసగా ఉన్నాయి. 138వ నంబరు హైవే 2013లో కెగాస్కా దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణుంచి తూర్పుగా బ్లాంక్-సబ్లాన్ వైపు పోవాలంటే ఎండాకాలం ఓడ, చలికాలం మంచు మీద గుర్తులు పాతిన ఈ దారి. ఫ్రెంచిలో రూట్ బ్లాంష్ అంటారు, అంటే తెల్లదారి. మొత్తం నాలుగైదు వందల కిలోమీటర్లు. ఇది పర్యాటకుల కోసం వేసింది కాదు. ఆ ఊళ్ల వాళ్లు పెళ్లికీ, చావుకీ, హాకీ ఆటకీ పోయే దారి. వెనక స్లెడ్జ్ కట్టి అందులో సామాన్లు, ముసలమ్మలు, కుక్కలు.

ఈ రాష్ట్రంలోనే వాల్కూర్ అనే ఊళ్లో జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియే ఉండేవాడు. 1934 చలికాలంలో జబ్బు చేసిన రెండేళ్ల కొడుకుని మంచు దాటించి ఆస్పత్రికి చేర్చలేకపోయాడు, బిడ్డ పోయాడు. మంచు మీద నడిచే బండి కోసం అప్పటికే తంటాలు పడుతున్న మనిషి, 1937లో ట్రాక్ బండికి పేటెంట్ తీసుకున్నాడు. ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి స్కీ-డూ 1959లో వచ్చింది. తెల్లదారి ఊళ్లలో ఈ బండి ఇప్పటికీ ఆట వస్తువు కాదని మేనల్లుడు మళ్లీ మళ్లీ చెప్పాడు.

అక్షాంశం చూస్తే బ్లాంక్-సబ్లాన్ లండన్ ఉన్న గీత మీదే ఉంది. మరి ఇంత చలి ఎందుకంటే, పైనుంచి దిగే లాబ్రడార్ ప్రవాహం. అటు వెచ్చటి నీళ్లు, ఇటు ఐస్ నీళ్లు, అంతే తేడా. దాటి ఆగ్నేయ లాబ్రడార్‌లోకి అడుగుపెడితే గడియారం మనలాగే అరగంట తేడాతో ఉంటుంది. చలికాలంలో మనకీ వాళ్లకీ సరిగ్గా తొమ్మిది గంటలు. ఇంటికి ఫోన్ చేయడానికి లెక్క సులువు.

మేనల్లుడూ ముగ్గురు స్నేహితులూ అయిదు రోజుల్లో దాటుదామని పోయారు. ఎనిమిది రోజులు పట్టింది. సెయింట్ అగస్టిన్‌లో రెండు రాత్రులు ఇరుక్కున్నారు, ఎదుటి ఇల్లు కనపడని మంచుగాలి. మూడో రోజు ఒక వాగు దగ్గర పైమంచు కింద నీళ్లు చేరి చిత్తడిగా ఉంది. బండి వేగం తగ్గించగానే ట్రాక్ అందులోకి దిగబడింది. అటువంటి చోట ఆగకూడదట. తీశారు గానీ బూట్లలోకి నీళ్లు పోయాయి, తర్వాతి గుడిసె దాకా ఇరవై కిలోమీటర్లు. దారి పొడవునా అలాంటి గుడిసెలు ఉన్నాయి, లోపల కట్టెల పొయ్యి. "మామా, ఆ పొయ్యి అంటుకున్నప్పుడు ఏడుపొచ్చింది" అన్నాడు. వాడు ఊరికే అనే రకం కాదు.

చెడ్డ మాట కూడా చెప్పాలి. చలికాలాలు వెచ్చబడుతున్నాయి, కొన్నేళ్లు ఈ దారిలో కొన్ని ముక్కలు తెరుచుకోనే తెరుచుకోవు. ఫిబ్రవరి, మార్చి మొదటివారాలు నమ్మదగ్గవి, అవి కూడా ఆ ఏడాది స్థితి చూసుకుని. సొంతంగా బండి తోలిన అనుభవం, బెల్టు మార్చడం, స్పేర్ బెల్టు, అదనపు పెట్రోలు, శాటిలైట్ ఫోన్ లాంటి పరికరం, ఇవి లేకుండా స్వయంగా పోకూడదు. గైడుతో పోయినా రెండు వారాల సెలవు పెట్టండి. కానీ మనుషుల్ని చూడాలంటే నాలుగింట్లో దీన్ని మించింది లేదు. స్వాల్బార్డ్‌లో కొండలు చూస్తాం. ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ల వంటింట్లో కూర్చుంటాం.

గుల్‌మర్గ్‌ని చిన్నచూపు చూడొద్దు

అక్కడ తీరం లేదు, దూరం లేదు, చాలాసార్లు బండి తోలేది కూడా వాళ్లే, మనం వెనక కూర్చుంటాం. అయినా 2,650 మీటర్ల ఎత్తున నాలుగు రోజులు మంచులో తిరిగితే మీ ఒళ్లు ఈ పనికి ఒప్పుకుంటుందో లేదో వీసా ఖర్చు లేకుండా తేలిపోతుంది. చేతివేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కే తత్వం ఉన్నవాళ్లు తప్పకుండా ఈ మెట్టు ఎక్కి చూసుకోండి.

కాగితాలు, తిండి

షెంగెన్ వీసా ఫీజు పెద్దలకి 90 యూరోలు, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అయితే ఆ కాగితం వీసాకి సరిపోతుంది, స్నోమొబైల్‌కి సరిపోకపోవచ్చు. సాహస క్రీడలు మినహాయింపు అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. స్నోమొబైల్ పేరు రాసి ఉన్న పాలసీయే తీసుకోండి. బండికి దెబ్బ తగిలితే మనం కట్టాల్సిన మొత్తం వేరే. కొన్నిచోట్ల వెయ్యి యూరోల దాకా ఉంటుంది, రోజుకి కొంచెం కట్టి తగ్గించుకోవచ్చు. కట్టండి. కెనడాకి వీసా 100 డాలర్లు, వేలిముద్రలకి 85, అక్కడి డాలర్లలో.

లైసెన్స్ లేకపోతే వెనక సీటే గతి. కారు లైసెన్స్‌తోపాటు ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. నార్వేలో మందు పరిమితి చాలా తక్కువ, రక్తంలో లీటరుకి 0.2 గ్రాములే. రాత్రి తాగింది పొద్దున కూడా పట్టిస్తుంది.

పొడులు, ఊరగాయలు పట్టుకుపోండి. మాంసం, పాలు, పెరుగుతో చేసినవి బయటి దేశాల నుంచి ఐరోపాలోకి తీసుకుపోకూడదు. బావ పెట్టెలో దాచిన పాలకోవా డబ్బా గురించి మా చెల్లెలికి చెన్నై ఎయిర్‌పోర్ట్ పోయే దారిలోనే చెప్పేశాను, తిరుత్తణి దాటేలోపు అది కారులోనే ఖాళీ అయింది. ఫ్లాస్కులో మిరియాల చారు మాత్రం ప్రతి రోజూ వెంట ఉండేది. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. బయటి జేబులో ఉంటే అరగంటకి చచ్చి ఊరుకుంటుంది.

వచ్చే ఫిబ్రవరికి నేను తెల్లదారి అనుకుంటున్నాను, పదిహేను రోజులు పక్కన పెట్టి. కొత్త బూట్లు నిన్ననే వచ్చాయి, రేపు మైనస్ 18 గదికి పట్టుకుపోవాలి. బావని కూడా రమ్మన్నాను. "నువ్వు పో బావా" అన్నాడు, "నేను హార్స్‌లీ హిల్స్‌లో దుప్పటి కప్పుకుంటా." అయినా ఆ ఉన్ని లోదుస్తులు మాత్రం తిరిగివ్వలేదు.